సీజే-3బీ జీపు ముందు కమాన్లు, చాసిస్: పెయింటు జోలికి పోకముందు చేయాల్సిన పని

పాత జీపు కొన్నవాళ్ళలో ఎక్కువమంది మొదట పరుగెత్తేది పెయింటరు దగ్గరికే. ఆలివ్ గ్రీన్ కొట్టించి, సీట్లు కుట్టించి, కొత్త టాపు వేయించి ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత బండి నలభై దాటగానే స్టీరింగ్ చేతుల్లో గజగజలాడుతుంటే కమాన్ల (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) మనిషి కోసం వెతుక్కుంటారు. నేను ఆ కమాన్ల మనిషిని. బస్సు డిపోలో సర్వీసంతా కమాను కట్టల కిందే గడిచింది. రిటైరయ్యాక తెనాలిలో ఇంటి వెనక షెడ్డు వేసుకుని జీపులు మాత్రమే చూస్తున్నాను.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది మా మేనల్లుడిది. నూజివీడు మామిడి తోటలో మూలన పడున్న మహీంద్రా సీజే-3బీ. "మావయ్యా, టై రాడ్ ఎండ్లు మార్చాం, బ్యాలెన్సింగ్ చేయించాం, అయినా ఊగుతోంది" అన్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. జీపు ముందు భాగంలో పని కింద నుంచి పైకి నడవాలి. ముందు చాసిస్, దాని మీద కమాన్లు, తర్వాత కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు), హబ్ బేరింగులు, అన్నిటికన్నా చివర స్టీరింగ్ లింకులు. ఈ వరస తప్పితే కొత్త సామాను కూడా పాత సామానులాగే పనిచేస్తుంది, డబ్బు మాత్రం పోతుంది.

ఈ మోడల్ విల్లీస్ వాళ్ళు 1953లో తెచ్చినది. హరికేన్ ఇంజను ఎత్తు ఎక్కువ కావడంతో బానెట్ ఎత్తు పెంచారు, ఆ ఎత్తు ముక్కుతోనే దీన్ని గుర్తుపడతాం. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 80 అంగుళాలు. మన దగ్గర చాలా బళ్ళలో పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ పెట్టారు. డీజిల్ బరువు ఎక్కువ, ఆ బరువంతా పాత ముందు కమాన్ల మీదే పడుతుంది. మీ బండి ముందుకు వంగి నిలబడుతోందంటే సగం కారణం అక్కడే ఉంటుంది.

విప్పకముందు

బండిని చదునైన సిమెంటు నేల మీద పెట్టి, టైర్లలో గాలి సమానంగా కొట్టి, నాలుగు మూలలా యాక్సిల్ గొట్టం నుంచి చాసిస్ అడుగు దాకా ఎంతుందో రాసుకోండి. బండి ఒక పక్కకి ఒరిగి ఉంటే తప్పు ముందుదో వెనకదో తేల్చే చిన్న పద్ధతి ఉంది. ముందు క్రాస్ మెంబర్ సరిగ్గా మధ్యలో ఒకే జాకీ పెట్టి ముందు చక్రాలు నేల వదిలేదాకా లేపండి. ఇప్పుడు ముందు కమాన్లకు బండిని ఒరిగించే అవకాశం లేదు. అప్పుడూ ఒరుగుడు అలాగే ఉంటే జబ్బు వెనక కమాన్లలో ఉంది. నిటారుగా వస్తే ముందు వాటిలోనే. ఆ చూసే రెండు నిమిషాలూ బండి కిందికి ఎవరూ దూరకూడదు.

ఆ తర్వాత పని మొత్తం స్టాండుల మీదే జరగాలి. ఇటుకలు వద్దు. ఇటుక పగిలేముందు చెప్పి పగలదు. స్టాండు లేకపోతే రైల్వే స్లీపరు చెక్క ముక్కలు అడ్డం నిలువుగా పేర్చండి. పెట్రోలు ట్యాంకు మొదటి రోజే దించేసి దూరంగా పెట్టేయండి, వెల్డింగ్ ఎప్పుడైనా రావచ్చు.

ఇంకొకటి, కాగితాల పని. చాసిస్ నంబరు ఎక్కడ గుద్ది ఉందో వెతికి, థిన్నరుతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీసుకోండి, ఆర్టీవో ఆఫీసులో తీసినట్టే. ఆర్సీలో ఉన్న నంబరుతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. తుప్పు రాల్చే బ్లాస్టింగుకి పంపే ముందు ఆ చోట దళసరిగా టేపు వేసి రేకు ముక్క కట్టండి. నంబరున్న చోట గ్రైండరు పెట్టినా, ఆ ముక్క కోసినా తర్వాత మీ బండి మీదని నిరూపించుకోవడం మహా టెన్షన్. చాసిస్ మొత్తం మార్చాలనుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. చాసిస్ మార్చేసి తర్వాత ఆఫీసుకి వెళ్దాంలే అనుకోకండి.

చాసిస్ కొలత

బాడీ దించాక చాసిస్ చూడటానికి పెద్ద నిచ్చెనలా ఉంటుంది. పొడవునా రెండు ఛానళ్ళు, మధ్యలో క్రాస్ మెంబర్లు, అన్నీ రివిట్లతో బిగించినవి. దాన్ని నాలుగు స్టాండుల మీద మట్టం చేసి, తాపీ మేస్త్రి వాడే తూకం గుండు తీసుకోండి. ముందు కమాను బోల్టు రంధ్రాల దగ్గర నుంచి, వెనక కమాను బ్రాకెట్ల దగ్గర నుంచి, మధ్యలో ఒకటి రెండు జతల రివిట్ల దగ్గర నుంచి గుండు వదిలి, అది తాకిన చోట సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెట్టండి. చాసిస్‌ని పక్కకి జరిపేస్తే దాని నీడలాంటి బొమ్మ నేల మీద మిగులుతుంది. ఇప్పుడు ఐమూలగా కొలవండి: ఎడమ ముందు గుర్తు నుంచి కుడి వెనక గుర్తుకి, కుడి ముందు నుంచి ఎడమ వెనకకి. రెండు కొలతలూ 3 మిల్లీమీటర్ల తేడాలో ఉంటే నేను సంతోషంగా ముందుకు పోతాను. 6 దాటితే ఆ చాసిస్ ఐమూలకి సాగింది. ఏదో గట్టున గుద్దిన బండో, ఒక మూల నుంచే లాగుడు తిన్న ట్రాలీ బండో అయి ఉంటుంది. దాన్ని ఆటోనగర్‌లో లారీ చాసిస్‌లు తీసేవాళ్ళ దగ్గరికి తీసుకుపోండి. విజయవాడ ఆటోనగర్‌లో ఆ పని చేసే షాపులు ఉన్నాయి. గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచుతామంటే వద్దనండి, చల్లగా జాకీలతో లాగమనండి.

తర్వాత పగుళ్ళు. ముందు బంపరు వెనక మూలపట్టీ దగ్గర, స్టీరింగ్ బాక్సు బోల్టుల చుట్టూ, ముందు కమాను బ్రాకెట్ల రివిట్ల దగ్గర, ఇంజను కింద క్రాస్ మెంబరు కలిసే చోట, ఈ నాలుగూ ముందు చూడండి. కంటికి కనబడని పగులును పట్టే పాత పద్ధతి కిరసనాయిలు, సుద్దపొడి. అనుమానం ఉన్న చోటును వైర్ బ్రష్‌తో మెరిసేలా రుద్ది, కిరసనాయిలు పూసి పావుగంట వదిలేయండి. పొడిగుడ్డతో ఒక్క చుక్క లేకుండా తుడిచేసి, పైన సుద్దపొడి పల్చగా చల్లండి. సుత్తితో పక్కన రెండు చిన్న దెబ్బలు వేయండి. పగులు ఉంటే లోపల దాక్కున్న కిరసనాయిలు పైకి చిమ్మి, తెల్లటి పొడి మీద వెంట్రుకలా సన్నగా తడి గీత లేస్తుంది. మేనల్లుడి బండిలో స్టీరింగ్ బాక్సు పై బోల్టు నుంచి కిందికి అలాంటి గీతే లేచింది. బాక్సు బిగుతుగానే ఉంది, బాక్సుతో సహా చాసిస్సే ఊగుతోంది. వాడు టై రాడ్ ఎండ్లు ఎన్ని మార్చినా ఏం లాభం?

పగులు వెల్డింగ్ ఇలా. పగులు ఎక్కడ ఆగిందో ఆ కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి, లేకపోతే వెల్డింగ్ చేసినా పక్కనుంచి మళ్ళీ పాకుతుంది. పగులు పొడవునా గ్రైండరుతో 'వి' ఆకారంలో గాడి తీసి, పూర్తి లోతుకి వెల్డింగ్ నింపండి. రాడ్ 7018 వాడండి, డబ్బా తెరిచి చాలాకాలమైన రాడ్లను ఓవెన్‌లో ఆరబెట్టి మరీ వాడాలి, తేమ ఉంటే లోపల బుడగలు వస్తాయి. పైన మందపు పట్టీ వేయాలంటే చాసిస్ గోడ మందాన్ని కాలిపరుతో కొలిచి అంతే మందం రేకు తీసుకోండి. దాన్ని నలుచదరంగా కోయకండి. రెండు చివర్లా మొనదేలేలా, తోరణాల కాగితం ముక్కలా కోసి, ఏటవాలు అంచుల వెంబడే వెల్డింగ్ చేయండి. ఛానల్ పై పెదవికి, కింది పెదవికి అడ్డంగా వెల్డింగ్ గీత పోనివ్వకండి. ఈసారి పగిలేది ఆ గీత మీదే. మందం ఎక్కువైతే బలం ఎక్కువనుకుని పది మిల్లీమీటర్ల రేకు వేసేవాళ్ళున్నారు. చాసిస్ కొంచెం మెలితిరగాలి, అలా తిరిగేలానే చేశారు. ఒకచోట బిగుసుకుంటే ఆ పక్కన విరుగుతుంది.

వదులైన రివిట్లను తీసేసి, రంధ్రాన్ని రీమరుతో గుండ్రం చేసి, అందులో బిగుతుగా కూర్చునే 8.8 గ్రేడ్ బోల్టు వేయండి. రంధ్రంలో గలగలలాడే బోల్టు ఎంత బిగించినా రివిట్టు కాదు.

తుప్పు, ప్రైమరు గురించి ఎక్కువ చెప్పను. ఇసుక బ్లాస్టింగు చేసేవాళ్ళ ఊపిరితిత్తులు పాడవుతాయి, గార్నెట్‌తోనో కాపర్ స్లాగ్‌తోనో చేసే షాపు వెతకండి. మన కోస్తా గాలిలో బ్లాస్ట్ చేసిన ఇనుము మర్నాటికే నారింజ రంగు తిరుగుతుంది. అందుకని ఆ రోజు సాయంత్రంలోపు ఎపాక్సీ ప్రైమరు పడాలి, దాని మీద చాసిస్ బ్లాక్. రెండు పొరలు కలిసి పెట్టెలా మూసుకున్న భాగాల్లోకి సన్నని గొట్టంతో వ్యాక్స్ కొట్టండి. కాలిన ఇంజనాయిలు కొట్టడం మన దగ్గర అలవాటు. తుప్పు ఆపుతుంది కాదనను, కానీ రోడ్డు దుమ్మంతా దానికే అంటుకుని నీళ్ళు పోయే కన్నాలు మూసేస్తుంది.

కమాన్లు

కమాను కట్ట దించే ముందు ఎడమ, కుడి అని పెయింటు గుర్తు పెట్టండి. యూ బోల్టులు విప్పేటప్పుడు మర చెడితే బాధపడకండి, కోసేయండి. యూ బోల్టులు సాగి పనిచేసేవి, ఒకసారి విప్పినవి మళ్ళీ వాడకూడదు. కట్టను వైస్‌లో నొక్కి పట్టుకుని, సెంటర్ బోల్టు విప్పి, వైస్ నిదానంగా వదలండి. వైస్ లేకుండా సెంటర్ బోల్టు విప్పితే పట్టీలు ఎగిరి ముఖాన తగులుతాయి.

పట్టీలను ఒక్కొక్కటిగా కడిగి చూడండి. మెయిన్ పట్టీ కన్ను దగ్గర, సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర పగుళ్ళు వస్తాయి. అక్కడ కిరసనాయిలు పరీక్ష మళ్ళీ చేయండి. పై పట్టీ మీద కింది పట్టీ కొస తిని గాడి పడి ఉంటుంది. వేలిగోరు దిగేంత గాడి ఉన్న పట్టీ పనికిరాదు. కమాను పట్టీని వెల్డింగ్ చేయడమనేది లేదు, ఎవరు చేస్తామన్నా నమ్మకండి.

వంపు తగ్గిన పట్టీలను చల్లగా సుత్తితో కొట్టి వంపు తెప్పించే పనివాళ్ళు ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు. లారీ కమాన్ల వల్ల ఆ చేతిపని బతికింది. గ్యాస్ మంటతో కాల్చి వంచితే ఆ చోట ఉక్కు నీరసపడి నెల తిరక్కుండా మళ్ళీ చదునవుతుంది. కొత్త పట్టీ వేయించాల్సి వస్తే ఈఎన్45 లాంటి కమాను ఉక్కే అడగండి, వెడల్పు పాత పట్టీదే, ఒకటిముప్పావు అంగుళం. డీజిల్ ఇంజను బండి కదా అని మూడు నాలుగు అదనపు పట్టీలు తోయకండి. ఒక్క పట్టీ, అదీ పొట్టిది, కింది వైపు కలిపితే సాధారణంగా సరిపోతుంది. ఎక్కువ తోస్తే కమాను కదలదు, ఎముకలు కదులుతాయి. పట్టీల మధ్య గ్రాఫైటు గ్రీజు పల్చగా తుడిస్తే చాలు.

షాకిళ్ళ దగ్గర, అంటే కమాను కొసను చాసిస్‌కి కలిపే లింకుల దగ్గర, మాత్రం కొంచెం ఆగండి. పాత బళ్ళలో యూ ఆకారం షాకిల్, మరలున్న బుష్షులు ఉంటాయి. కొన్ని షాకిళ్ళకు ఒక కాలు ఎడమ మర. ఆ కాలి మీద చిన్న ఉబ్బు కనిపిస్తుంది, చేత్తో తడిమినా తెలుస్తుంది. తెలియక మామూలు మర అనుకుని గొట్టం పెట్టి లాగినవాళ్ళు షాకిల్ విరగ్గొట్టుకున్నారు. బిగించేటప్పుడు గ్రీజు సీలు ఎక్కించి, షాకిల్‌ను చాసిస్ వైపు ఒత్తిపట్టి, పై బుష్షు సగం దాకా తిప్పండి. తర్వాత కమాను కంటిలో బుష్షు మొదలుపెట్టండి. ఇది కొంచెం, అది కొంచెం మార్చి మార్చి తిప్పుతూ పోవాలి. చాసిస్ వైపు బుష్షు తల బ్రాకెట్‌కి పూర్తిగా ఆనుకోవాలి, కమాను కంటి బుష్షు తలకీ కమానుకీ మధ్య అంగుళంలో 32వ వంతు సందు మిగలాలి. అయ్యాక కమానును చేత్తో ఊపితే షాకిల్ హాయిగా ఆడాలి. బిగుసుకుంటే ఆ బలమంతా మెయిన్ పట్టీ మీద పడి కన్ను దగ్గర విరుగుతుంది. గ్రీజు నిప్పల్‌కి గన్ పెట్టి, రెండు వైపులా కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి.

సీజే-3బీలో కమాను యాక్సిల్ కింద నుంచి పోతుంది. కొత్త యూ బోల్టులు పైనుంచి వేసి, నట్లను ఐమూలగా, కొంచెం కొంచెంగా, 50 నుంచి 55 అడుగు-పౌండ్ల దాకా టార్క్ రెంచితో బిగించండి. సెంటర్ బోల్టు తల యాక్సిల్ ప్యాడ్ రంధ్రంలో కూర్చుందో లేదో బిగించకముందే వేలు పెట్టి చూడాలి. రబ్బరు బుష్షులున్న బళ్ళలో కమాను బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాకే. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది.

కింగ్‌పిన్, హబ్

ఊగుడు జబ్బుకి అసలు మందు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. డ్రమ్ము, బ్యాక్ ప్లేటు, స్పిండిలు, యాక్సిల్ షాఫ్టు తీసేస్తే యాక్సిల్ చివరి పెద్ద బంతి మీద నకిల్ (చక్రంతో పాటు పక్కకి తిరిగే భాగం) మిగులుతుంది. పైన ఒక మూత, కింద ఒక మూత, రెండింటి లోపలా ఒక్కో టేపర్ బేరింగ్. మూతల కింద ఉన్న షిమ్ములను (పల్చటి రేకు బిళ్ళలను) పైవి వేరే, కిందవి వేరే తీగకి గుచ్చి పెట్టండి.

బేరింగ్ కప్పులను వెలుతురులో పట్టుకుని చూడండి. బండి జీవితంలో ఎక్కువ భాగం నేరుగానే పోతుంది కాబట్టి, రోలర్లు ఒకే చోట నిలబడి దెబ్బలు తిని కప్పులో సన్నని నిలువు గీతలు పడతాయి. గోరు పెట్టి గీస్తే టకటకమని తగులుతాయి. అలాంటి కప్పుంటే స్టీరింగ్ మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగుతుంది, ఆ పక్కకి వదులవుతుంది. కోను, కప్పు రెండూ మార్చాలి. టిమ్‌కెన్ 11590 కోను, 11520 కప్పు. హబ్‌కైతే 18590, 18520. ఈ నంబర్లు చెప్తే సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, ఢిల్లీ కశ్మీరీ గేట్‌లోనైనా జీపు అనే మాట లేకుండానే బేరింగ్ ఇస్తారు. "జీపు బేరింగ్" అంటే రేటు మారుతుంది.

బిగుతు షిమ్ములతో వస్తుంది. షిమ్ తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. తీసినా వేసినా పైనా కిందా సమానంగా చేయండి, లేకపోతే నకిల్ బంతి మీద మధ్యలో కూర్చోదు. పెద్ద ఆయిల్ సీలు వేయకముందే బిగుతు చూడాలి, సీలు రాపిడి మనల్ని మోసం చేస్తుంది. నకిల్ చేత్తో తిప్పితే గుర్తుపట్టేంత బరువుగా, ఎక్కడా ఆగకుండా తిరగాలి. తనంతట తాను వాలిపోతే వదులు. అప్పుడు 5 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఐదు) షిమ్ ఒకటి పైన, ఒకటి కింద తీసి మళ్ళీ చూడండి. బంతి మీద తుప్పు గుంటలుంటే సన్నని ఎమెరీతో నునుపు చేయండి, లేకపోతే కొత్త సీలు వారంలో చిరుగుతుంది. బంతికి పెయింటు వేయొద్దు, గ్రీజు పూయండి చాలు.

హబ్ బేరింగులకు లోపలి నట్టును, చక్రం తిప్పుతూ, చక్రం పట్టేసేదాకా బిగించి, ఆరోవంతు చుట్టు వెనక్కి వదలండి. ఆరు పలకల నట్టులో ఒక పలక. లాక్ వాషరు, రెండో నట్టు వేసి వాషరు అంచు వంచేయండి. రెండో నట్టు బిగించాక లోపలిది మళ్ళీ బిగుసుకుందేమో చక్రం తిప్పి చూసుకోవాలి.

స్టీరింగ్, టో ఇన్

బెల్ క్రాంక్ (స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే లాగుడును టై రాడ్లకు మళ్ళించే చెయ్యి) ఉన్న బళ్ళలో ముందు క్రాస్ మెంబర్ మీద అది తిరిగే పిన్ను, బుష్షు చూడండి. అది అరిగి ఉంటే మిగతా ఏ కీలు కొత్తదైనా ఉపయోగం లేదు. బుష్షును లేత్ మీద గన్ మెటల్‌తో చేయించుకోవచ్చు, పిన్ను మాత్రం కొనండి. బాక్సులో ఆట సరిచేసేటప్పుడు డ్రాగ్ లింకు విప్పి, చక్రాలు నేరుగా ఉన్న స్థితిలో మాత్రమే స్క్రూ తిప్పాలి. పక్కకి తిప్పి ఉంచి బిగిస్తే మధ్యలోకి వచ్చేసరికి పట్టేస్తుంది.

కంప్యూటర్ అలైన్‌మెంట్ షాపుల్లో చాలాచోట్ల ఈ బండి లెక్కలు మెషీన్‌లో ఉండవు. కాగితం మీద రాసుకుని పోండి: క్యాంబర్ (చక్రం పైభాగం బయటికి వాలే కోణం) ఒకటిన్నర డిగ్రీ, క్యాస్టర్ (కింగ్‌పిన్ పైభాగం వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీలు, కింగ్‌పిన్ వాలు ఏడున్నర డిగ్రీలు, టో ఇన్ 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు. టో ఇన్ ఇంట్లోనే చూసుకోవచ్చు. చక్రం లేపి తిప్పుతూ టైరు నడుమ మేకుతో సన్నని గీత గీయండి, రెండు చక్రాలకూ. దించి, బండిని కొంచెం ముందుకు తోసి ఆపండి. హబ్ ఎత్తులో ముందు వైపు గీతకీ గీతకీ మధ్య దూరం, వెనక వైపు గీతకీ గీతకీ మధ్య దూరం కొలవండి. ముందు కొలత తక్కువగా ఉండాలి, ఆ తేడాయే టో ఇన్. టై రాడ్లు రెండు ఉన్న బండిలో ముందుగా బెల్ క్రాంక్ చేతిని ముందు యాక్సిల్‌కి లంబంగా నిలబెట్టి, అప్పుడు ఒక్కో చక్రాన్నీ దానికి సరిచేయాలి.

క్యాస్టర్ తక్కువైతే స్టీరింగ్ తనంతట తాను తిరిగి మధ్యకి రాదు, బండి దారి వెతుక్కుంటూ పోతుంది. కమానుకీ యాక్సిల్ ప్యాడ్‌కీ మధ్య వాలు షిమ్ వేస్తే పెరుగుతుంది. కమాను యాక్సిల్ కింద ఉన్న ఈ బండిలో షిమ్ మందపు అంచు ముందు వైపుకి రావాలి. జీపులు మార్చి కట్టే హర్యానా ఊరు మండీ డబ్వాలీ బళ్ళ వీడియోలు చూసి పొడవు షాకిళ్ళు అడిగే కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇదే. ఈ జీపులో ముందు షాకిల్ కమాను ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడిగించేకొద్దీ యాక్సిల్ ముందుకు వాలి క్యాస్టర్ పడిపోతుంది. ఎత్తు కావాలి, హైవే మీద ఎనభైలో పోవాలి అంటే రెండూ కుదరవు. మేనల్లుడు కూడా అడిగాడు. "ఎత్తు కావాలంటే ట్రాక్టరు కొనుక్కోరా" అన్నాను.

అన్నీ బిగించాక మొదటి 200 కిలోమీటర్లు యాభై దాటకుండా నడపండి. తిరిగొచ్చాక యూ బోల్టులు మళ్ళీ టార్క్ రెంచితో చూడండి, కొత్త కట్టలో పట్టీలు సర్దుకుని నట్లు తప్పకుండా కొంచెం తిరుగుతాయి. హబ్‌ల మీద చేయి పెట్టి వేడి పోల్చండి, ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే ఆ పక్క నట్టు కాస్త వదలాలి, బ్రేకు పట్టేస్తోందేమో కూడా చూడాలి. షాకిళ్ళకి, టై రాడ్లకి, బెల్ క్రాంక్‌కి నెలకోసారి గ్రీజు. వాననీళ్ళలో దిగి వస్తే ఆ మర్నాడే.